“రక్తి కట్టింది” అని రెజ్లింగ్‌కి అనొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఇంట్లో మొదలైన గొడవ ఇక్కడ తేలుతుందేమోనని తెచ్చాను. మా తమ్ముడు పాత డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) రెజ్లింగ్ మ్యాచ్ ఒకటి చూసి “భలే రక్తి కట్టింది” అని వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. అది చూసి మా పెదనాన్న, “రక్తి కట్టేవి నాటకం, హరికథ, పాటకచేరీ. ఆటలకైతే రసవత్తరంగా సాగింది అనాలి. అయినా ఆ ఉత్తుత్తి కొట్లాటకి ఏ మాటైతే ఏంలే” అని తీసిపారేశారు. నాకు రెండు సందేహాలు. ఆ వాడుక తప్పా? రక్తికీ రక్తానికీ ఏమైనా చుట్టరికం ఉందా?

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
రెండోది తేలిక, ముందు అది చెబుతాను. చుట్టరికం ఉంది. రెండూ సంస్కృతంలోని ‘రంజ్’ ధాతువు నుంచి వచ్చినవే. రంగు పట్టడం అని మూలార్థం. ఎర్రగా ఉండేది రక్తం, మనసుకి రంగు పడితే రక్తి. అనురక్తి, విరక్తి, రాగం, రంజకం అన్నీ ఆ ఇంటివే. ‘కట్టు’ మాత్రం మన క్రియ. మీగడ కట్టింది, మబ్బు కట్టింది అంటామే, ఆ కట్టడం. అంతకుముందు లేనిది మెల్లగా ఏర్పడటం.

ఇక మొదటిది. రక్తి కట్టడం రంగస్థలం వాళ్ల మాటే, మీ పెదనాన్నగారు వాడుక తెలిసినవారు. అయితే ఈ రెజ్లింగ్ ఆటో నాటకమో ముందు ఎవరైనా తేల్చాలి. మా మనవడు టీవీలో అది పెడితే నేను లేచి వెళ్లిపోతాను కాబట్టి ఆ భారం వేరేవాళ్లది.

పాత అభిమాని:
ఆ భారం నాకివ్వండి మాస్టారూ. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డుల మీద ఛాతీ కొలతలు, బరువులు బట్టీ పట్టిన తరం మాది. అండర్‌టేకర్ అనే రెజ్లర్ ఏడుసార్లు చచ్చి బతికాడని స్కూల్లో ఒట్టేసి చెప్పుకున్నవాళ్లం.

నా లెక్కలో తమ్ముడు వాడింది సరైన మాట. పెదనాన్నగారు చెప్పిన నియమమే అందుకు సాక్ష్యం. చివరి ఓవర్లో ఎనిమిది పరుగులు కావాలంటే క్రికెట్ మ్యాచ్ రసవత్తరం అవుతుంది. పనిగట్టుకుని ఎవరూ దాన్ని అలా చేయరు, ఆట అక్కడికి వచ్చిందంతే. రక్తి అలా కాదు, ఎవరో ఒకరు కట్టించాలి. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో గెలిచేదెవరో ముందే అనుకుంటారు. కాబట్టి బరిలో ఉన్న ఇద్దరికీ మిగిలే పని అదొక్కటే, చూసేవాళ్లకి రక్తి కట్టించడం.

నిజం కుస్తీ అయితే చాలు, దానంతటదే రక్తి కడుతుందనుకునేవాళ్లు 1910 లండన్ పోటీ గురించి చదవాలి. మన గామా పహిల్వాన్‌కీ, పోలండ్ వస్తాదు జిబిస్కోకీ జాన్ బుల్ బెల్టు కోసం సెప్టెంబర్ 10న జరిగింది. అందులో లాలూచీ ఏమీ లేదు. ఏం జరిగిందంటే, గామా చేతికి చిక్కితే పని అయిపోతుందని తెలిసిన జిబిస్కో చాప మీద బోర్లా పడుకుని నేలకి కరుచుకుపోయాడు. రెండున్నర గంటలు దాదాపు అదే వరస. చివరికి డ్రా. వారం తర్వాత మళ్లీ పెడితే అతను రానేలేదు, బెల్టు గామాకి ఇచ్చారు. 1928లో పాటియాలాలో మళ్లీ తలపడినప్పుడు గామా నిమిషం లోపే పడేశాడు. గామా గొప్ప మల్లుడు, సందేహం లేదు. కానీ టికెట్ కొనుక్కుని వెళ్లినవాడికి ఒకసారి రెండున్నర గంటల పడక, ఇంకోసారి రెప్పపాటు.

అమెరికాలోనూ ఇదే బాధ. 1908లో షికాగోలో గాచ్, హాకెన్‌ష్మిట్ అనే మల్లులు రెండు గంటలు పట్టుకులాడారు. అందుకే 1920లలో ఎడ్ ‘స్ట్రాంగ్లర్’ లూయిస్, బిల్లీ శాండో, టూట్స్ మాంట్ అనే ముగ్గురు కలిసి కుస్తీ రూపమే మార్చారు. టైం లిమిట్ పెట్టారు, బాక్సింగ్ దెబ్బలూ ఎత్తి పడేయడాలూ కలిపారు, ముగింపు కూడా ముందే అల్లుకున్నారు. మనం టీవీలో చూసేది ఆ కొమ్మే. జనం విసుగెత్తిపోతుంటే పుట్టిన కళ ఇది.

హైదరాబాద్ సభ్యురాలు:
చరిత్ర బాగుంది గానీ అన్నా, ముందే మాట్లాడుకుని కొట్టుకోవడాన్ని మన దగ్గర ‘గల్లీలో కుస్తీ, ఢిల్లీలో దోస్తీ’ అంటాం. మీరు రక్తి అంటున్నదాన్ని మేం లాలూచీ అంటాం. మోసాన్ని మోసం అంటే తప్పేంటి?

పాత అభిమాని:
మోసం అనాలంటే మోసపోయినవాడు ఒకడుండాలి కదమ్మా. 1989లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కంపెనీయే న్యూజెర్సీ సెనేట్ ముందు, మాది పోటీ కాదు వినోదం అని చెప్పుకుంది. ఆటల పోటీల మీద అజమాయిషీ చేసే అథ్లెటిక్ కమిషన్ నియమాల నుంచి తప్పించుకోవడానికే అనుకోండి, కానీ గుట్టు బయటపెట్టింది వాళ్లే. పద్యనాటకంలో దుర్యోధనుడు చివరికి పడిపోతాడని తెలియక ఎవరూ టికెట్ కొనరు. తెలిసే కూర్చుంటారు, పద్యం బాగుంటే వన్స్ మోర్ అంటారు.

మీ లాలూచీ అనే మాట అతికినట్టు సరిపోయే రాత్రి మాత్రం ఒకటుంది. 1997 నవంబర్ 9, మాంట్రియల్. బ్రెట్ హార్ట్ ఆ కంపెనీ వదిలి వెళ్లిపోతున్నాడు, ఛాంపియన్ బెల్టు ఇంకా అతని దగ్గరే ఉంది. ఎదురుగా షాన్ మైఖేల్స్. బ్రెట్ పట్టునే బ్రెట్‌కి వేశాడు షాన్. బ్రెట్ ఓటమి ఒప్పుకోలేదు, చెయ్యి తట్టలేదు. బరి పక్కనే నిలబడ్డ ఓనర్ విన్స్ మెక్‌మాన్ గంట కొట్టమన్నాడు, కొట్టేశారు. బ్రెట్‌కి చెప్పిన కథ అది కాదు. అక్కడ మోసపోయింది ప్రేక్షకుడు కాదు, నటుడు. నేనైతే దాన్ని మంచి మ్యాచ్‌ల జాబితాలో వేయను. దాని గురించి ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నారు కదా అంటారు. చెప్పుకోవడం వేరు, రక్తి కట్టడం వేరు.

ఒక సభ్యుడు:
అన్నా, రక్తి అంటే ఏంటో ఒక్క మ్యాచ్‌తో చూపించండి. నాకు హోగన్, ఆండ్రే తప్ప పాతవాళ్లెవరూ తెలీదు.

పాత అభిమాని:
అయితే ఆ రాత్రే తీసుకుందాం తమ్ముడూ. 1987 మార్చి 29, పాంటియాక్ సిల్వర్‌డోమ్, మూడో రెజిల్‌మేనియా, అంటే ఆ కంపెనీ ఏటా పెట్టే పెద్ద పండగ. 93,173 మంది వచ్చారని ప్రకటించారు. ఆ లెక్క ఎక్కువ చేసి చెప్పిందని వాదించేవాళ్లూ ఉన్నారు, అది వదిలేద్దాం. హోగన్, ఆండ్రే మ్యాచ్‌ని కుస్తీగా చూస్తే ఏమీ లేదు. ఆండ్రే నడుం అప్పటికే పాడైంది, కదలడమే కష్టం. కానీ అల్లిక చూడు. మొదలవగానే హోగన్ అతన్ని ఎత్తబోయి, మోయలేక తనే కింద పడ్డాడు. ఆండ్రే మీద పడితే రెఫరీ చెయ్యి మూడోసారి నేలకి తగలబోయి ఆగింది. జనానికి అక్కడ ఒక ప్రశ్న అంటించారు, వీణ్ని ఎత్తడం అయ్యే పనేనా అని. తర్వాత ఆండ్రే ఊరికే నడుం పట్టి నొక్కుతూ నిలబడ్డా జనం కదల్లేదు. చివర్లో హోగన్ ఎత్తి పడేశాడు, హాలు దద్దరిల్లింది. ఇద్దరూ చేసింది చాలా తక్కువ, కట్టిన రక్తి చాలా ఎక్కువ.

అదే రాత్రి ర్యాండీ శావేజ్, రికీ స్టీమ్‌బోట్ పావుగంట లోపు ఆడిన మ్యాచ్ దానికి పూర్తి తిరగేసి. ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వరు. శావేజ్ ప్రతి అడుగూ ముందే కాగితం మీద రాసుకుని బట్టీ పట్టే మనిషి. కొన్ని నెలల ముందు అతను బరి పక్కన మోగించే గంట పట్టుకుని స్టీమ్‌బోట్ గొంతు మీదికి దూకినట్టు కథ నడిపారు. ఈ మ్యాచ్‌లో శావేజ్ మళ్లీ అదే గంట అందుకున్నాడు, అదే అతని కొంప ముంచింది. నా ఓటు దీనికే. పెద్ద మ్యాచ్ హోగన్‌ది, మంచి మ్యాచ్ వీళ్లది.

కానీ ఒక్కటే చూస్తానంటే 1997 రెజిల్‌మేనియా 13, బ్రెట్ హార్ట్, స్టీవ్ ఆస్టిన్. మాస్టారు రక్తికీ రక్తానికీ చుట్టరికం అన్నారే, అది బొమ్మ కట్టి చూపించినట్టుంటుంది. ఓటమి నోటితో ఒప్పుకుంటేనే ముగిసే పోటీ. బ్రెట్ అప్పటిదాకా మంచివాడు, ఆస్టిన్ చెడ్డవాడు. ఆస్టిన్ నుదురు చిట్లింది. బ్రెట్ కాళ్లు మెలితిప్పి తన పట్టు బిగించాడు. కెమెరా ఆస్టిన్ మొహం మీదికి వెళ్లింది. రక్తం కారి పళ్ల సందుల్లోకి దిగింది, అరుస్తున్నాడు, నేల మీద చేతులు ఆన్చి పైకి లేవబోయాడు, పట్టు ఒక్క క్షణం సడలింది, మళ్లీ బిగిసింది. ఒప్పుకుంటున్నాను అన్న మాట మాత్రం రాలేదు. స్పృహ తప్పాడు, రెఫరీ ఆపేశాడు. గెలిచిన బ్రెట్ పడినవాణ్ని మళ్లీ కొట్టాడు, జనం ఛీ కొట్టారు. ఆస్టిన్ ఎవరి భుజమూ పట్టుకోకుండా కుంటుకుంటూ వెళ్లాడు, జనం అతని పేరు అరిచారు. వచ్చేటప్పుడు ఒకడు నాయకుడు, ఇంకొకడు ప్రతినాయకుడు. వెళ్లేటప్పటికి ఇద్దరూ స్థానాలు మార్చుకున్నారు, ఎవరూ నోరు విప్పి చెప్పకుండానే. ఇంతకు మించి రక్తి కట్టించిన మ్యాచ్ నేను చూడలేదు.

ఒక సభ్యుడు:
మరి 1998లో మ్యాన్‌కైండ్‌ని అండర్‌టేకర్ బోను మీంచి విసిరేసింది? అందరూ అదే గొప్పంటారు.

పాత అభిమాని:
పిట్స్‌బర్గ్‌లో జరిగింది. అందరితో నాకు పేచీ అక్కడే. మొదటి పడటం అనుకుని చేసింది. రెండోసారి బోను పైకప్పు ఊడి లోపల పడటం ఎవరూ అనుకోనిది. అక్కడి నుంచి నేను చూసింది కథ కాదు, ఒక మనిషి బతుకుతాడా లేదా అన్న టెన్షన్. మ్యాన్‌కైండ్ వేషం కట్టిన మిక్ ఫోలీ తెగువకి దండం పెడతాను, మళ్లీ మాత్రం ఆ మ్యాచ్ పెట్టుకోను.

దెబ్బ తిన్నవాడు దాన్ని నిజమనిపించడాన్ని మేం ‘సెల్ చేయడం’ అంటాం. అండర్‌టేకర్ ఆ విద్యలో ఘనుడు. 2006లో మన ఖలీ వచ్చీరాగానే ఆయన్ని ఓడించాడు. ఖలీకి పట్లు రావని అందరికీ తెలుసు. అయినా అంత పెద్ద మనిషిని చూసి అండర్‌టేకరే తడబడితే మనకి గుండె జారింది. రక్తి కట్టించింది ఓడినవాడు. 2009లో హ్యూస్టన్‌లో షాన్ మైఖేల్స్‌తో ఆడినప్పుడైతే, తన ఆఖరి పట్టు వేసి కూడా షాన్ భుజం లేవగానే ఆయన కళ్లు పెద్దవి చేసి చూసిన చూపు చాలు. రెజిల్‌మేనియాలో ఆయన ఓడడని తెలిసి కూడా, ఈసారి ఓడిపోతాడేమో అనిపించింది నాకు.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
మీరు చెబుతుంటే భాగవతం దశమ స్కంధం గుర్తొచ్చింది. చాణూరుడు కృష్ణుడితో, ముష్టికుడు బలరాముడితో. కొండల్లాంటి మల్లులకి ఎదురుగా పసివాళ్లని నిలబెట్టారే, ఇదేం ధర్మం అని చూసే ఆడవాళ్లు వాపోతారు. పట్ల వర్ణన ఒక ఎత్తు, ఆ చూసేవాళ్ల మాటలు ఇంకో ఎత్తు. కృష్ణుడు ఓడడని వినేవాళ్లందరికీ తెలుసు, అయినా వాళ్ల బెంగ మనకి అంటుతుంది. ఇంకో సంగతి. ఆ పోరు జరిగిన చోటు పేరు మల్లరంగం. నాటకం ఆడే చోటు రంగస్థలం. కుస్తీకీ నాటకానికీ మన పెద్దలు ఒకే ‘రంగం’ ఇచ్చారు, అదీ ‘రంజ్’ ఇంటిదే. కాబట్టి రక్తి కట్టింది అన్నా నాకు అభ్యంతరం లేదు.

ఒక సభ్యుడు:
సూపర్ మాస్టారూ. మరి ఇప్పటివాళ్ల సంగతేంటి అన్నా? జపాన్‌లో ఒకాడా, ఒమెగా మ్యాచ్‌లని ఎవరూ దాటలేరంటారు.

పాత అభిమాని:
2017 జనవరి 4, టోక్యో డోమ్‌లో 46 నిమిషాల పైన ఆడారు. అయిదు నక్షత్రాల కొలత పెట్టుకున్న విలేఖరి డేవ్ మెల్ట్జర్ దానికి ఆరు ఇచ్చాడు. మరుసటి ఏడాది ఒసాకాలో గంట దాటించారు, ఆయన ఏడు ఇచ్చాడు. ఆ దేహదారుఢ్యం, ఆ టైమింగ్ పాతవాళ్లలో ఎవరికీ లేవు, ఒప్పుకోవాల్సిందే. టోక్యోది నాకూ నచ్చింది. ఒసాకా మ్యాచ్‌లో మాత్రం నడిమి భాగం లాగారనిపిస్తుంది. నా గొడవ వీళ్లతో కాదు, వీళ్లని చూసి వాతలు పెట్టుకున్నవాళ్లతో. ఇప్పుడు మామూలు వారపు షోలో కూడా ఆఖరి పట్టు మూడుసార్లు తిని మూడుసార్లూ లేస్తున్నారు. అంత తేలిగ్గా లేచేవాడి నొప్పి నాకెందుకు అంటుతుంది?

హైదరాబాద్ సభ్యురాలు:
2023 సెప్టెంబర్‌లో గచ్చిబౌలి స్టేడియంకి జాన్ సీనా వచ్చాడు కదా. మా వాడు గోల పెడితే తీసుకెళ్లాను. నాకేమీ అర్థం కాలేదు గానీ అందరితోపాటు అరిచాను.

పాత అభిమాని:
అది రక్తే అమ్మా! సీనా, సేత్ రోలిన్స్ ఒక జట్టు, కైజర్, విన్చీ ఇంకో జట్టు. మ్యాచ్‌గా సాదాసీదాది, ఏళ్ల తరబడి గుర్తుంచుకునేది కాదు. సీనాని మొదటిసారి ఎదురుగా చూస్తున్న హాలు అది, సగం పని జనమే చేసిపెట్టారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థ్యాంక్స్. మాస్టారు చెప్పిన మల్లరంగం మాట పెదనాన్నకి చదివి వినిపించాను. “అయితే ఒకటి పెట్టు చూద్దాం” అన్నారు. ఏది పెట్టమంటారు? ఆస్టిన్‌దేనా?

పాత అభిమాని:
వద్దు, మొదటిసారే అంత నెత్తురు చూపిస్తే లేచి వెళ్లిపోతారు. శావేజ్, స్టీమ్‌బోట్ పెట్టండి. పావుగంట కూడా ఉండదు. ఆ గొంతు మీద గంట దెబ్బ కథ ముందే చెప్పండి, ఎవరు గెలుస్తారో మాత్రం చెప్పకండి. ఆస్టిన్‌ది తర్వాత ఆయనే అడుగుతారు.