వానకి పచ్చబడే రాతి మచ్చలు, ఊసరవెల్లి: రెండూ ఒకటేనా?

ప్రశ్న (పర్లాకిమిడి):
మహేంద్రగిరి మీద బండలకి బూడిదరంగు మచ్చలు అంటుకుని ఉన్నాయి. చినుకులు పడ్డ కాసేపటికే పచ్చబడ్డాయి. ఏడో తరగతి చదివే మా అమ్మాయి "నాన్నా, ఇదీ ఊసరవెల్లిలాగే రంగు మారుస్తోంది" అంది. కాదనడానికి నాకు కారణం దొరకలేదు. స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్‌కి ఇదే పెడుతుందట, కొన్ని గీకి తెమ్మంటోంది. రెండింటిలో జరిగేది ఒకటేనాండీ?

జవాబు (గుణుపూర్, బోటనీ మేష్టారు):
పాప చూపు నాకు చాలా నచ్చింది. ఆ బండల మీదే కూర్చుని టిఫిన్ తిని, కింద ఏముందో చూడకుండా లేచి వచ్చేవాళ్లే ఎక్కువ.

అది లైకెన్. మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. శిలీంధ్రం (బూజు జాతిది) గూడు కడుతుంది, లోపల ఉండే శైవలం (నాచు లాంటిది) ఎండతో ఆహారం చేస్తుంది. 1867లో స్విస్ వృక్షశాస్త్రవేత్త ష్వెండెనర్ ఇవి రెండు జీవులని చెబితే, పేరున్న లైకెన్ పండితులే ఒప్పుకోలేదు. ఎండినప్పుడు పైపొర మసకగా ఉంటుంది. తడిస్తే, తడిసిన తెల్ల చొక్కాలోంచి ఒళ్లు కనబడ్డట్టు, శైవలం పచ్చదనం బయటపడుతుంది. ఆ రంగు ముందునుంచీ ఉన్నదే. ఇందులో లైకెన్ చేసే పని ఏమీ లేదు, అంతా నీటిదే.

జవాబు (రాయగడ):
ఊసరవెల్లి సంగతి నేను చెబుతాను. మన వైపు మెడ ఎర్రబడ్డ తొండని చూసి ఊసరవెల్లి అనేస్తారు. అసలు ఊసరవెల్లి వేరు, అది కొమ్మల మీద ఊగుతూ మెల్లగా నడుస్తుంది. రంగుల సంబరం చూడాలంటే మడగాస్కర్‌లోని పాంథర్ ఊసరవెల్లినే చూడాలి. దాని చర్మకణాల్లో గ్వానిన్ అనే పదార్థపు సన్నటి స్ఫటికాలు వరసగా ఉంటాయి. మగది ఇంకో మగదాన్ని చూసి రెచ్చిపోతే ఆ స్ఫటికాల మధ్య ఎడం పెరుగుతుంది, అవి తిప్పికొట్టే వెలుతురు రంగు మారి పచ్చటి ఒళ్లు నిమిషాల్లో పసుపుకో నారింజకో తిరుగుతుంది. 2015లో జెనీవా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు దీన్ని బయటపెట్టారు. అంటే అక్కడ మార్చేది జంతువే: కోపం వచ్చినా, జత కోసమైనా.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ. మరి గీకి తేవచ్చా, మేష్టారూ?

గుణుపూర్ మేష్టారు:
దయచేసి వద్దు బాబూ. రాతికి అతుక్కుని పెరిగేవాటిలో ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగనివి చాలా ఉన్నాయి. అరచెయ్యంత మచ్చ మీ తాతగారికంటే వయసులో పెద్దది కావచ్చు. సీసాలో నీళ్లు తీసుకెళ్లి చల్లి, ఫోన్‌లో వీడియో తీయించండి. నాలుగు రోజులు బాగా ఎండ కాసాక వెళ్లండి, తేమ ఉంటే తేడా సరిగా కనబడదు.