తాళం వేసిన ఇంటికి బదులు పక్కిల్లు రాసుకోవచ్చా?

దేవరకొండ_డిగ్రీ:
వలస మీద ప్రాజెక్టు సర్వే. ఊళ్లో 600 ఇండ్లు, పదింటికొకటి చొప్పున 60 తీసుకున్న. 12 ఇండ్లకు తాళాలే. పక్కిండ్లతో 60 నింపితే లెక్క చెడుతదా?

లెక్కల_సారు:
చెడుతది తమ్మీ, అదీ నీకు కావలసిన చోటనే. తాళం పడిందే వలస పోయినందుకు కావచ్చు. దాన్ని తీసేసి మనుషులున్న ఇల్లు పెడితే వలస తగ్గి కనబడుతది.

ఇంగ్లండు గణాంక శాస్త్రవేత్త ఆర్థర్ బౌలీ (1869–1957) గట్టిగా పట్టుబట్టిన నియమమే ఇది. అంతకుముందు పేదరికం మీద సర్వే చేసిన రౌన్‌ట్రీ, అక్కడి యార్క్ పట్నంలో 11,560 కుటుంబాల వివరాలు రాయించిండు. బౌలీ మాత్రం 1912లో రెడింగ్ పట్నంలో కూలీల ఇండ్లలో సుమారు 20కి ఒకటే చూసి పేదరికం అంచనా కట్టిండు. అంత తక్కువ ఇండ్లతో పని నడవాలంటే, గుర్తు పెట్టిన ఇల్లు ఎంత కష్టపెట్టినా మార్చొద్దు.

నీకు దొరికిన 48లో 15 ఇండ్ల నుంచి వలస ఉందనుకో. 31 శాతమని రాసి ఊరుకోకు. తాళం వేసిన 12 ఇండ్లల్ల ఎవ్వరూ పోలేదనుకుంటే 60కి 15, అంటే 25 శాతం. అందరూ పోయిన్రనుకుంటే 60కి 27, అంటే 45. ఈ రెండు అంకెలూ రిపోర్టులో ఉండాలె.

పాలమూరు_సర్వే:
ఆ ఎడం తగ్గించాలంటే మళ్లీ పోవుడే. కనీసం మూడుసార్లు, వేరే వేరే పొద్దుల్ల: కూలికి పోకముందు ఒకసారి, రాత్రి 7 దాటినంక ఒకసారి. పండుగకు ఊరికొస్తరు, దసరాకో పీర్ల పండుగకో ఇంకోసారి. ఇంటాయన ఫోన్ నంబరు పక్కోళ్లను అడుగు; వాళ్ల జవాబును మాత్రం ఆ ఇంటి జవాబుగా రాయకు.

ఇండ్ల జాబితా ఏ ఏటిది? 2018లో చాలా తండాలు వేరే పంచాయతీలైనయి. పాతదైతే తండా ఇండ్లు కలిసిపోయుంటయి.

దేవరకొండ_డిగ్రీ:
జాబితా కొత్తదే సార్. తిరిగేది ఇద్దరం. సగం సగం పంచుకున్నం, ఎగువ వీధులు నావి.

లెక్కల_సారు:
వీధుల లెక్కన పంచుకోవద్దు. తేడా వస్తే అది వీధిదా, అడిగిన మనిషిదా తెల్వదు. మన దేశపు గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ బెంగాల్ జనపనార పంట సర్వేల్లో పెట్టిన పద్ధతి చూడు: ఒకే చోట రెండు విడి నమూనాలు, ఇద్దరు మనుషులు. మీరు 1 నుంచి 20 దాకా చీటీలు వేసి రెండు తీయండి. 7, 16 వస్తే జాబితాల నువ్వు 7, 27, 47... నంబరు ఇండ్లు, నీ దోస్తు 16, 36, 56... ఒక్కొక్కరికి 30 ఇండ్లు, ఊరంతా ఇద్దరూ తిరుగుతరు. రెండు జాబితాల శాతాలు బాగా ఎడమైతే ముందు ప్రశ్న అడిగిన తీరు సరిచూసుకోండి. 30 ఇండ్లకు పది పదిహేను శాతం తేడా మామూలే, దానికి భయపడకు.