1 సమూయేలు 15:22లో "మాట వినుట" అంటే బలులు వద్దని అర్థమా?

ప్రశ్న:
అమాలేకీయులను పశువులతో సహా నిర్మూలము చేయమన్న దేవుని ఆజ్ఞను మీరి ఇశ్రాయేలు రాజైన సౌలు మంచి పశువులను మిగిల్చినప్పుడు, బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుట శ్రేష్ఠమని ప్రవక్తయైన సమూయేలు అతనితో అన్నాడు. కానీ బలులను నియమించినది కూడా దేవుడే కదా. లేవీయకాండములో వాటి విధులు ఎన్నో ఉన్నాయి. అటువంటప్పుడు ఈ వచనాన్ని బలుల నిరాకరణగా చదవవచ్చా? హెబ్రీ తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
అక్కడి క్రియ 'షామా'. వినడం దాని మొదటి అర్థం. ద్వితీయోపదేశకాండము 6:4లో ఇశ్రాయేలును "వినుము" అన్నదీ అదే. తెలుగువారికి దీనిని పెద్దగా వివరించనక్కరలేదు. కొడుకు మాట వినడం లేదని తల్లి వాపోతే అతనికి చెవుడని ఎవరూ అనుకోరు.

ఈ అధ్యాయాన్ని ఆ క్రియతోనూ, స్వరమనే అర్థమున్న 'కోల్' అనే మాటతోనూ అల్లారు. యెహోవా మాటల 'కోల్' వినమని 1వ వచనం సౌలును హెచ్చరిస్తుంది. 14వ వచనంలో సమూయేలు చెవిన పడిన గొర్రెల అరుపులు, ఎడ్ల రంకెలు కూడా 'కోల్' అనే మాటతోనే వస్తాయి. చివరకు 24వ వచనంలో సౌలు జనులకు జడిసి వారి 'కోల్' విన్నానని ఒప్పుకుంటాడు. అంటే అతడు విన్నాడు, కాకపోతే వేరొకరి మాట విన్నాడు. ఆ తరువాత మిగిల్చుకున్న పశువులకు బలి అనే పేరు పెట్టాడు. సమూయేలు ఖండించినది బలిని కాదు, ఆ సాకును.

జవాబు 2:
పదం అర్థం వరకు అంగీకరిస్తాను. అయితే 3వ వచనంలోని ఆజ్ఞ అమాలేకీయుల స్త్రీలనూ పసిపిల్లలనూ సైతం చంపమన్నది. దానిని దాటవేసి విధేయతను గురించి మాట్లాడడం నాకు కష్టంగా ఉంది. పైగా వినడమంటే నోరు మూసుకోవడం కాదు. దేవుడు నాశనం చేయబోయిన సొదొమ పట్టణం కోసం అబ్రాహాము దేవునితోనే ఏబదిమంది నుండి పదిమంది వరకు బేరమాడాడు. కొడుకులు లేకుండా చనిపోయిన సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు తండ్రి వారసత్వం అడిగినప్పుడు, వారు చెప్పినది యుక్తమేనని దేవుడే అన్నాడు.

జవాబు 1:
మీ అభ్యంతరం న్యాయమైనదే. సమూయేలు కూడా 11వ వచనంలో రాత్రంతా యెహోవాకు మొరపెట్టాడు. సౌలు మాత్రం మొరపెట్టనూ లేదు, చెప్పినది చేయనూ లేదు. మంచి పశువులను ఉంచుకొని, ఆజ్ఞ నెరవేర్చానని 13వ వచనంలో తానే చెప్పుకున్నాడు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఆదికాండము 3:17లో ఆదాము భార్య మాట విన్నాడన్నదీ ఇదే పదబంధమా?

జవాబు 1:
అవును, విభక్తి కొంచెం మారుతుంది, అంతే. అయితే 21:12 కూడా చూడండి. అక్కడ శారా మాట వినమని అబ్రాహాముకు చెప్పినది దేవుడే.