ఎక్స్‌వీ6 లో థ్రెడ్లు పెడుతుంటే ఫ్రీవాక్ పానిక్ వస్తోంది, ఎక్కడ తప్పు చేశాను?

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర, భీమవరంలో బీటెక్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఎంఐటీ వాళ్లు పాఠాల కోసం రాసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్స్‌వీ6, రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ వెర్షన్‌లో థ్రెడ్లు (ఒకే ప్రాసెస్ మెమరీ పంచుకుంటూ విడివిడిగా నడిచేవి) చేరుస్తున్నాను.

కొత్త ప్రాసెస్‌ని పుట్టించే ఫోర్క్‌ని చూసి క్లోన్ అనే సిస్టమ్ కాల్ రాశాను. పేజీ టేబుల్ (వర్చువల్ అడ్రస్ అసలు మెమరీలో ఎక్కడికి వెళ్తుందో చెప్పే పట్టిక) కాపీ చేయకుండా తల్లి ప్రాసెస్‌దే వాడుకుంటుంది, కెర్నల్ స్టాక్ మాత్రం ఎవరిది వారికే. కెర్నల్‌లోకి వెళ్లేటప్పుడు రిజిస్టర్లు దాచే ట్రాప్‌ఫ్రేమ్ దగ్గర రెండు రోజులు తల పట్టుకున్నాను. అది అందరికీ ఒకే వర్చువల్ అడ్రస్‌లో ఉంటుంది కదా, ఒక థ్రెడ్ రిజిస్టర్లు ఇంకోదానిలోకి వెళ్లిపోయేవి. ఇప్పుడు ఒక్కో థ్రెడ్‌కి ఒక్కో పేజీ కిందకి జరిపి మ్యాప్ చేశాను, అది బాగానే ఉంది. పేజీ టేబుల్‌ని ఆఖరున వెళ్లేవాడే విడుదల చేసేలా లాక్‌తో లెక్క కూడా పెట్టాను.

అయినా ఏదైనా థ్రెడ్ మాలాక్ చేశాక (అదనపు మెమరీ అడిగాక) అన్నీ ముగిస్తే "ఫ్రీవాక్: లీఫ్" అని పానిక్, అంటే పేజీ టేబుల్ విడుదల చేసేటప్పుడు అందులో ఇంకా మ్యాప్ అయిన పేజీ మిగిలిందని కెర్నల్ ఆగిపోతోంది. మాలాక్ లేకపోతే రావట్లేదు. నా అనుమానం మెమరీ సైజు మీద. అది ప్రతి స్ట్రక్ట్ ప్రాక్‌లో (ఒక్కో ప్రాసెస్ వివరాలుండే స్ట్రక్చర్) విడిగా ఉంది, పెంచినవాడిదే మారుతోంది. ఒకే బోదె కింద నలుగురి చేలున్నప్పుడు నీళ్ల లెక్క తలో పుస్తకంలో రాసుకున్నట్టుంది.

మెమరీ పెంచే, తగ్గించే గ్రోప్రాక్ ఫంక్షన్‌లో తోటి థ్రెడ్లన్నిటి సైజూ మార్చేస్తే చాలా? లేక స్ట్రక్ట్‌నే ప్రాసెస్ భాగం, థ్రెడ్ భాగంగా విడదీయాలా? మెమరీ తగ్గించినప్పుడు వేరే కోర్ మీద నడుస్తున్న థ్రెడ్ టీఎల్‌బీ (పాత అడ్రస్ మ్యాపింగులు గుర్తుంచుకునే క్యాష్) సంగతేంటి? సోమవారం డెమో, టెన్షన్‌గా ఉంది. వాన మొదలైతే మాకు కరెంటు కూడా ఉండదు, కాస్త త్వరగా చెప్పండి.