కబడ్డీ టికెట్ మీద ఇరవై రూపాయలు విరాళం తప్పనిసరి చేస్తే మీరు ఒప్పుకుంటారా?

కృష్ణలంక కుర్రోడు:

అందరికీ నమస్తే. మా యూత్ కమిటీ సంక్రాంతికి మూడు రాత్రులు లైట్ల కింద కబడ్డీ పెడుతోంది. గ్యాలరీ వంద, ముందు కుర్చీలు మూడొందలు. మొన్న మీటింగులో మా ప్రెసిడెంటు ప్రతి టికెట్ మీద ఇంకో ఇరవై వేసి, ఆ డబ్బు ఒక అనాథాశ్రమానికి ఇద్దామన్నాడు. "ఇష్టమున్నోళ్లు ఇవ్వండంటే ఎవడూ ఇవ్వడ్రా, టికెట్లో కలిపేస్తే సరి" అని ఆయన మాట. పన్నెండు మందిలో తొమ్మిది మంది చేతులెత్తారు. నేను ఎత్తలేదు. ఆశ్రమానికి డబ్బులొద్దంటున్నాడు చూడండ్రా అని ఇప్పుడు వీధంతా నామీదే జోకులు.

నేనెందుకు ఎత్తలేదో చెప్తా. పోయినేడు మా ఆవిణ్ణి, ఇద్దరు పిల్లల్ని ఓ మ్యాచ్‌కి తీసుకెళ్లా. కౌంటర్లో కుర్రాడు టికెట్‌కి ఒక పసుపు స్లిప్పు పెట్టి, పిన్ను కొట్టి, "ఒక్కోటి పాతిక ఎక్స్‌ట్రా సార్" అన్నాడు. నలుగురికి వంద. స్లిప్పు మీద "సహాయార్థం" అని ఒక్క ముక్క ఉంది. ఎవరి సహాయార్థమో లేదు. రసీదు అడిగితే, "టికెట్టే రసీదు, పక్కకి జరగండి" అన్నాడు. వెనక లైన్లో వాళ్లు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తే, ముష్టి పాతిక్కి రచ్చ చేస్తున్నాడని. లోపల పిల్లలు పునుగులు అడిగితే విసుక్కున్నా. వాళ్లేం చేశారు పాపం. ఆ స్లిప్పు ఇప్పటికీ నా పర్సులోనే ఉంది.

రేపు అదే పిన్ను నేను కొట్టాలా? మీరైతే ఏం చేస్తారు?

సింగ్‌నగర్ పిన్ని:

మీ ప్రెసిడెంటు మాట మరీ తీసిపారేయకు బాబూ. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకొచ్చింది. పై వాటాలో పదకొండు మందిమి కూర్చున్నాం. మొహం కూడా తెలీనివాళ్లు పడవల్లో పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు తెచ్చి తాడుకి కట్టి పంపించారు. ఎవరూ వాళ్లని బలవంతం చెయ్యలేదు, నిజమే. కానీ నీళ్లు తీశాక అసలు కష్టం మొదలైంది. ఫ్రిజ్జు, పరుపులు, పిల్ల పుస్తకాలు అన్నీ బురద. దసరా నాటికి మా వీధి మొహం చూసినవాడు లేడు. మనసున్నవాళ్లయినా టీవీలో చూపించినన్నాళ్లే ఇస్తారు. ఏ సందడీ లేనప్పుడు ఆశ్రమం పిల్లలకి బియ్యం ఎవరిస్తారు? మూడొందలు పెట్టి కుర్చీలో కూర్చునేవాడికి ఇరవై ఒక లెక్కా?

బ్రాడీపేట గుమాస్తా:

పిన్నిగారు, మీ బాధ కాదనను. కానీ తప్పనిసరిగా వసూలు చేసేదాన్ని విరాళం అనకూడదండి. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, లైబ్రరీ గుమ్మం తొక్కనివాళ్లం కూడా. అది పన్ను, దానికి చట్టం ఉంది, ఆడిట్ ఉంది. యూత్ కమిటీకి ఏముంది?

నేను ఆడిటర్ గారి దగ్గర పాతికేళ్లుగా చేస్తున్నా కాబట్టి రెండు విషయాలు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు మనల్ని అడక్కుండా బిల్లులో విరాళం కలపకూడదని కేంద్రం 2023 నవంబరులోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మీరు యాప్‌లో గనక టికెట్లు పెడితే అక్కడే దొరికిపోతారు. రెండోది, ఆశ్రమానికి చెక్కు రూపంలోనే ఇవ్వండి. రెండు వేలు దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు. ఆ మినహాయింపు కూడా రసీదు మీద పేరున్నవాళ్లకే. ఇరవై కట్టినవాడికి చేతిలో మిగిలేది మీ స్లిప్పే.

ఈ తంటా పెద్దవాళ్లకీ తప్పలేదు. ఇంగ్లండులో చారిటీ షీల్డ్ అని ఫుట్‌బాల్ మ్యాచ్ 1908 నుంచీ ఆడుతున్నారు. టికెట్ డబ్బులో దానానికి ఎంత పోతుందో చెప్పట్లేదని, ఇవ్వాల్సింది కూడా ఆలస్యం చేస్తున్నారని అక్కడి చారిటీ కమిషన్ తప్పుపట్టింది. 2002లో పేరు మార్చి కమ్యూనిటీ షీల్డ్ అన్నారు. మీరు ఇరవై పైన వెయ్యకండి. వంద లోంచే ఇరవై తీసి ఇవ్వండి. గేటు దగ్గర ఆశ్రమం పేరుతో బోర్డు పెట్టి, మూడో రాత్రి మైకులో మొత్తం చదవండి.

బందరు రోడ్డు బ్యాట్స్‌మన్:

ఐపీఎల్ టికెట్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. వెయ్యి టికెట్ పద్నాలుగొందలు. ఇంకా దానం కూడా నా దగ్గరేనా గురూ?

అసలు దానమంటే మా నాన్నది. 2002 నవంబరు 24న మన విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో వెస్టిండీస్ వన్డేకి నన్ను తీసుకెళ్లారు. సిరీస్ మూడు మూడు, ఆఖరి మ్యాచ్. శామ్యూల్స్ 108 కొట్టి ఔట్ అవ్వలేదు, మనం 135 పరుగులతో ఓడిపోయాం. ఇంటికొచ్చి ఆ టికెట్ డబ్బులు ఖర్చుల పుస్తకంలో "ధర్మం" కింద రాసుకున్నారు.

కృష్ణలంక కుర్రోడు:

బ్యాట్స్‌మన్ అన్నా, నాన్నగారికి నా దండాలు.

గుమాస్తా గారు, నిన్న రాత్రి మీరు చెప్పినట్టే అన్నా. టికెట్ వందే ఉంచుదాం, ఇరవై మన వాటాలోంచి తీద్దాం అని. మళ్లీ చేతులెత్తమంటే తొమ్మిది కాస్తా నాలుగయ్యాయి. "మైకు సెట్టుకి ఎవడిస్తాడు, ఆటగాళ్ల భోజనాలకి ఎవడిస్తాడు" అని మొదలెట్టారు. పక్కవాడి జేబులోంచి అయితే తొమ్మిది చేతులు లేచాయి మరి. ప్రెసిడెంటు చెయ్యి మాత్రం దించలేదు, ఆ మాట చెప్పుకోవాలి.

రెండు గంటలు కొట్టుకుని, చివరికి టికెట్‌కి పది రూపాయలు కమిటీ ఇచ్చేట్టు, గేటు పక్కన తాళం వేసిన డబ్బా ఒకటి పెట్టేట్టు తేల్చాం. పిన్నిగారూ, ఇష్టమున్నోళ్లు ఇవ్వండంటే ఎవరూ ఇవ్వరనే మా ప్రెసిడెంటు మాటా మీ మాటా నిజమో కాదో ఆ డబ్బానే చెప్తుంది. తాళంచెవి ఆశ్రమం వార్డెన్ గారి దగ్గరే ఉంటుంది. బోర్డు రాయించే పని నాకే అంటగట్టారు. పెయింటర్ అక్షరానికి ఎనిమిది రూపాయలు అడుగుతున్నాడు, ఎక్కడైనా తక్కువకి రాసేవాళ్లుంటే చెప్పండి.