కూలి చేసి పైకొచ్చాడన్న ఒక్క మాటకి ఓటు వేసేయొచ్చా?

లంకగాలి:
మాది కోనసీమలో గోదారి పక్క లంక ఊరు. మా సర్పంచ్ గారు ఒకప్పుడు కొబ్బరి దింపు కార్మికుడు. తర్వాత కూలీల సంఘం, వార్డు మెంబరు, సర్పంచ్. ఇప్పుడు జడ్పీటీసీ, అంటే జిల్లా పరిషత్ సభ్యుడి టికెట్ అడుగుతున్నారు. ఫ్లెక్సీ మీద చేసిన పని ఒక్కటీ లేదు, ‘చెట్టెక్కిన చేతులు’ అని మాత్రం పెద్దక్షరాలు. నేనైతే ఫ్లెక్సీ చూసి ఓటెయ్యను. మీరేమంటారు?

గట్టుమీద రైతు:
ఫ్లెక్సీ సంగతి వదిలెయ్యండి. ఆయన మా తోటలో దింపు తీసినవాడు. కాళ్లకి తాడు బంధం వేసుకుని, వానలకి పాకుడు పట్టిన చెట్టుని గుండెకి ఆనించుకుని ఎక్కేవాడు. రెండు గుండీలు తీస్తే ఆ ఒరుపు మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది. ఆయనొచ్చాక మా కూలీలు మండలాఫీసు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డం మానేశారు. ఇది చిన్న సంగతా?

శివారు ఆయకట్టు:
గుమ్మం దాటారు, సంతోషం. లోపలికెళ్లి ఏం అడిగారు? మా మురుగుకాలవ నిండా గుర్రపుడెక్క. 2011లో కోనసీమ రైతులు ఈ పంట వెయ్యం అని పంట విరామం అన్నారు, 2022లో మళ్లీ అన్నారు. రెండోసారి మురుగు దిగని చేల గోడు అందులో పెద్దదే. ఇక కౌలు కార్డు. 2019 చట్టంలో భూమి గలాయన సంతకం పెడితేనే 11 నెలల సాగు హక్కు పత్రం. మా ఊళ్లో కూలి నుంచి కౌలుకి దిగినవాళ్లే ఎక్కువ. ఆ సంతకం కోసం ఆసాముల ఇళ్లకి మన సర్పంచ్ గారు ఒక్కసారైనా వెళ్లారా? కష్టం తెలిసిన మనిషి పనికిరావాల్సింది అక్కడండి.

వంతెన దగ్గర:
మరి బాలయోగి గారో? ఎదుర్లంకలో వ్యవసాయ కుటుంబం, దళితుడు. లా చదివి, మేజిస్ట్రేటు ఉద్యోగం వదిలి 1987లో జడ్పీ ఛైర్మన్ అయ్యారు. 1991లో అమలాపురం ఎంపీ, 1998లో లోక్‌సభ స్పీకర్. పుట్టిన ఇల్లు చూసి నమ్మబట్టే కదా జనం అంత దూరం పంపారు!

శివారు ఆయకట్టు:
అదే జనం 1996లో ఆయన్ని ఓడించారు కూడా. పుట్టిన ఇల్లు మారలేదుగా? ఇంకోటి, ఆ 1987లో ఛైర్మన్‌ని ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. ఇప్పుడు జడ్పీటీసీలు కూర్చుని ఎన్నుకుంటారు. అక్కడ మచ్చ చూపిస్తే చేతులు లేస్తాయా?

నాట్ల చెల్లి:
అందరూ ఆయన చెట్టెక్కిన సంగతే చెబుతున్నారు. దిగాక ఆ ఇల్లెలా నడిచిందో ఎవరైనా అడిగారా? సర్పంచ్‌కి గౌరవ వేతనం నెలకి 3,000, అదీ వచ్చినప్పుడు. ఆయన మీటింగులకి తిరుగుతుంటే వదిన నాట్లకి వెళ్లేది, రాత్రి దీపం దగ్గర ఈనెలు గీసి చీపుర్లు కట్టేది. ఆవిడ పక్కన వరసలో నాటేసినదాన్ని నేను. ఇప్పటికీ కూలికి వస్తుంది. ఫ్లెక్సీలో ఆవిడ ఫొటో లేదు చూడండి.

లంకగాలి:
ఇప్పటికీ కూలికి వెళ్తున్నారా? నిజంగా తెలీదండి. అయితే ఆయన పంచాయతీ డబ్బు తినలేదన్నమాట. నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా.

నాట్ల చెల్లి:
తినలేదు. ఆ మాట ఎక్కడైనా చెప్తాను. కానీ గుర్రపుడెక్క కూడా తీయించలేదుగా అన్నయ్యా!

గట్టుమీద రైతు:
ఆయ్, ఇది ఒప్పుకోవాల్సిందే. టికెట్ గొడవ తర్వాత, ముందు ఏప్రిల్ 14 గ్రామసభలో కాలవ సంగతి నేనే లేచి అడుగుతాను. మీ వదినని కూడా తీసుకురామ్మా. ఆవిడ అడిగితే ఆయన తప్పించుకోలేడు.

నాట్ల చెల్లి:
అప్పుడు దాళ్వా (రెండో పంట) కోతలండి. మురుగు దిగక కోత మిషను కూరుకుపోయే పల్లపు చేలున్నాయి కదా, అక్కడ ఇంకా కొడవలే. ఆ రోజు కూలి మానుకుని వస్తుందో లేదో అడిగి చెప్తాను.