చర్చ: ఆశ్రమ పాఠశాలల్లో పాలపళ్లకి జీఐసీ ట్రయల్ — ఎండలో సిమెంటు, సమ్మతి పత్రాలు, లెక్కలు

పర్లాకిమిడి_పళ్లు
గజపతి, రాయగడ జిల్లాల ఆశ్రమ పాఠశాలల్లో 6–8 ఏళ్ల పిల్లలకి ఏఆర్‌టీ (చేతి పరికరాలతోనే పిప్పి తవ్వి నింపే) పద్ధతిలో పాలదవడ పళ్లు నింపి, రెండు రకాల చిక్కటి జీఐసీని (గ్లాస్ అయనోమర్, పళ్లు నింపే సిమెంటు) పోల్చే ట్రయల్ రాస్తున్నాం. ఫాలో అప్ ఏడాది నిండాక ఒకసారి, రెండేళ్లు నిండాక ఒకసారి. డ్రిల్లు లేదు, కుర్చీ లేదు, బల్ల మీద పడుకోబెట్టి చేత్తోనే. అడగాల్సినవి: చేత్తో కలిపే సిమెంటు ఏప్రిల్‌లో పట్టుమని రెండు నిమిషాలు నిలవదు, ఏం చేస్తున్నారు? సమ్మతి పత్రం ఒడియాలోనా, తెలుగులోనా, సవర ఊళ్లలో ఎలా? ఎన్ని పళ్లు తీసుకోవాలి? ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్‌ఐలో (దేశంలోని ట్రయళ్ల రిజిస్ట్రీ) నమోదు, ఏది ముందు? సిమెంటు క్యాప్సూళ్లు (పొడి, ద్రావకం ముందే కొలిచి నింపినవి) కొనడానికి డబ్బిచ్చే పథకం ఏదైనా ఉందా?

సిరొంచ_గోదారి
సిమెంటు కలిపే గ్లాస్ స్లాబ్ (గాజు పలక) ఐస్‌ల పెట్టండి, అయిపోయె. డబ్బా మీద రెండు నిమిషాలు అని రాసి ఉంటది, అది 23 డిగ్రీల కాడి మాట. మే నెలల మా దిక్కు 45 దాటుతది, ఆ టైం సగం గూడ ఉండదు. పొడి, నీళ్లమందు కలవంగనే వేడికి రియాక్షన్ ఉరుకుతది. స్లాబ్ చల్లగుంటే ఆ ఉరుకుడు తగ్గుతది, పొడి గూడ పూర్తిగ పడుతది. పేపర్ ప్యాడ్ మీద కలిపేటోళ్లు పొడి తక్కువేసి జారుగ చేసుకుంటరు, ఆర్నెల్లకే ఫిల్లింగ్ అరిగిపోతది. అటెన్క సిమెంటు మంచిది గాదని పేపర్ రాస్తరు.

గోపాలపూర్_ఉప్పుగాలి
ఐస్ స్లాబా? సముద్రం పక్కన ఆ సలహా ఇస్తే సిమెంటు సర్వనాశనం. 32 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజు డ్యూ పాయింట్ దాదాపు 28. అంటే స్లాబ్ 28 కంటే కొంచెం చల్లబడినా దాని మీద చెమ్మ కమ్ముతుంది. ఆ చెమ్మ మీద పొడి పోసి కలిపితే నిష్పత్తి పోయినట్టే. కొన్ని చిక్కటి జీఐసీల్లో ఒక గ్రాము ద్రావకానికి 3.6 గ్రాముల పొడి ఉండాలి, చుక్కలో పావు వంతు నీరు అదనంగా చేరినా గట్టితనం పడిపోతుంది, కరుగుదల పెరుగుతుంది. పైగా మిశ్రమం మెరుస్తూనే ఉంటుంది కాబట్టి కలిపేవాళ్లకి తేడా తెలీదు.

సిరొంచ_గోదారి
నేను సిరొంచ ముచ్చట చెప్తున్న, మీ బీచ్ ముచ్చట గాదు. ఇక్కడ మేల తేమ 15 శాతం గూడ ఉండదు. ఇంతకీ అడిగినాయన ఉన్నది పర్లాకిమిడిల, గోపాలపూర్‌ల గాదు.

గోపాలపూర్_ఉప్పుగాలి
పర్లాకిమిడి కూడా సముద్రానికి అంత దూరమేం కాదు బాబూ. జూన్ తర్వాత మహేంద్రగిరి పక్క గాలి ఎలగుంటుందో ఒకసారి వచ్చి చూడండి. అయినా మీ లెక్క మీకే తగులుతుంది. 45 డిగ్రీలు, 15 శాతం తేమ అంటే డ్యూ పాయింట్ 12 చిల్లర. ఐస్ లోంచి అప్పుడే తీసిన స్లాబ్ అయిదారు డిగ్రీల్లో ఉంటుంది. సిరొంచలోనూ చెమ్మ పడుతుంది. మీరు గుడ్డతో తుడిచి కలుపుతున్నారు, తుడిచిన పది సెకన్లకి మళ్లీ పడుతుంది, అంతే తేడా.

సిరొంచ_గోదారి
తుడిచేది లింట్ రాని టిష్యూతోని. పది సెకన్లకు పడదు. మీరు పుస్తకం ముందటేసుకొని మాట్లాడుతున్నరు.

లెక్కల_పంతులు
స్లాబ్ తగువు పక్కన పెట్టండి. ట్రయళ్ల గణాంకాలే నా వృత్తి కాబట్టి చెబుతున్నా, ఈ ఏరియా నుంచి వచ్చే డెంటల్ ప్రోటోకాళ్లలో పదికి తొమ్మిదింట్లో శాంపుల్ సైజు తప్పే.

మొదటిది డ్రాపౌట్, అంటే ఫాలో అప్‌కి దొరక్కుండా పోయేవాళ్లు. ఒక్కో గ్రూపుకి 60 పళ్లు కావాలి, 20 శాతం పోతాయనుకుంటే అందరూ 60కి 20 శాతం కలిపి 72 అంటారు. 72లో 20 శాతం పోతే మిగిలేది 57. 60ని 0.8తో భాగించాలి, 75 వస్తుంది.

రెండోది ఇంతకంటే ఘోరం. ఒకే పిల్లాడి నోట్లో మూడు పళ్లు నింపి వాటిని ముగ్గురు మనుషుల్లా లెక్కేస్తారు. ఒకే లాలాజలం, ఒకే తిండి, ఒకే బ్రష్షు. ఒకటి పోయిన నోట్లో రెండోది పోయే అవకాశం ఎక్కువ. కాబట్టి డిజైన్ ఎఫెక్ట్ (శాంపుల్ ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే అంకె) పెట్టాలి: 1 + (నోటికి పళ్లు – 1) × రో. రో అంటే ఒకే నోట్లో పళ్ల ఫలితాలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె. మూడు పళ్లు, రో 0.2 అనుకుంటే 1.4. 60 × 1.4 = 84, దాన్ని 0.8తో భాగిస్తే 105 పళ్లు. గ్రూపుకి 35 మంది పిల్లలు, మొత్తం 70 మంది. ఇది చెయ్యకుండా పీ విలువ 0.04 వచ్చింది, తేడా నిజమేనని సంబరపడితే నవ్వుతారు.

రాయగడ_క్యాంపు
రో 0.2 ఎక్కడ్నుంచి ఊడిపడింది సార్?

లెక్కల_పంతులు
పైలట్ నుంచి రావాలి. లేదా అలాంటి పిల్లల్లో అలాంటి పళ్ల మీద అచ్చైన ట్రయల్ నుంచి. ఉదాహరణకి వేసిన అంకెని పట్టుకుని ప్రశ్నలెయ్యకండి.

రాయగడ_క్యాంపు
ఉదాహరణ అంకెలే రేపు ప్రోటోకాల్‌లో కాపీ అవుతాయి, అందుకే అడిగాను.

సమ్మతి విషయం ఎవరూ ముట్టుకోలేదు. ఆశ్రమ పాఠశాలలో హెడ్‌మాస్టర్ సంతకం గేటు దాటడానికి మాత్రమే పనికొస్తుంది. పిల్లాడి నోట్లో పరికరం పెట్టాలంటే తల్లి గానీ తండ్రి గానీ ఒప్పుకోవాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన పిల్లలు నోటిమాటగా సరే అనాలి, పన్నెండు దాటితే రాతపూర్వకంగా. మీ 6–8 గుంపులో ఏడు నిండినవాళ్లూ ఉంటారు, ఆ గడి ఫారంలో పెట్టండి. తల్లిదండ్రులు కొండమీద ఊళ్లలో ఉంటారు, బడికి రారు. సెలవులకి పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చే రోజే పట్టుకోవాలి. చదువు రానివాళ్లకి వేలిముద్ర చాలదు, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కనుండి, పత్రం మొత్తం చదివి వినిపించారని సంతకం పెట్టాలి. బడి వంటమనిషి, వార్డెన్ సాక్షులుగా పనికిరారు, వాళ్లు బడి మాట కాదనలేరు. ఆశా కార్యకర్త ఫర్వాలేదు, ఆవిడకి మీ టీమ్ డబ్బులివ్వకపోతే.

భాష: ఏ ఊరు ఏ భాషలో వింటుందో ఆ భాషలో. పత్రం ఒడియా, తెలుగు రెండింట్లో అచ్చువేసి, సవర, కువి ఊళ్లకి ఆ భాష మాట్లాడే మనిషి చదివి చెప్పింది రికార్డు చెయ్యండి. చెప్పేవాళ్లు మధ్యలో «ఉచితంగా పళ్లు బాగుచేస్తారు» అని కలిపేస్తారు, అది వింటే ఎవరూ కాదనరు. ఆ మాట చెప్పకూడదని ముందే గట్టిగా చెప్పాలి.

జయపురం_క్యాప్సూల్
స్లాబ్ గొడవకి విరుగుడు క్యాప్సూల్. నిష్పత్తి ఫ్యాక్టరీలోనే కుదురుతుంది, పది సెకన్లు మిక్సర్‌లో తిప్పితే సరి. రెండు చిక్కులు: కరెంటు, జీపు. మిక్సర్‌కి ఇన్వర్టర్ ఉండాలి, వోల్టేజీ పడిపోతే వేగం తగ్గి లోపల పొడి ముద్దగా మిగులుతుంది. జీపు డ్యాష్‌బోర్డు మీద కాగిన క్యాప్సూల్ నోట్లోకి వచ్చేలోపే బిగుస్తుంది. రేకు సంచి చింపకుండా ఐస్‌బాక్సులో పెట్టండి, సంచి ఉన్నంతసేపు చెమ్మ లోపలికి పోదు.

సిరొంచ_గోదారి
క్యాప్సూల్ ఒక్కదానికి ఎంతైతదో చెప్పకుండ సలహాలు ఇచ్చుడు మస్తు సులువు.

గుణుపురం_కుండ
ఐస్ గొడవ ఇంత లాగక్కర్లేదు. స్లాబ్‌ని గాలి తీసిన ప్లాస్టిక్ సంచిలో పెట్టి మట్టికుండ నీళ్లలో ముంచండి. కుండ చల్లబడేది నీరు ఆవిరవడం వల్ల, ఆ చల్లదనం డ్యూ పాయింట్ కంటే కిందికి ఎప్పుడూ దిగదు. కాబట్టి ఆ స్లాబ్ మీద చెమ్మ పడదు. పొడి గాలి ఉన్న చోట పది పదిహేను డిగ్రీలు దిగుతుంది, అది చాలు. తీరంలో కుండ పెద్దగా చల్లబడదు, అక్కడ పొద్దున తొమ్మిదిలోపు పని ముగించుకోవడమే.

అసలు తప్పులు స్లాబ్ దగ్గర కాదు, సీసా దగ్గర జరుగుతున్నాయి. పొడి సీసాని ముందు తట్టి వదులు చెయ్యాలి, చెంచా నిండా తీసి సీసా మూతి అంచుకి గీసి చదును చెయ్యాలి. ద్రావకం సీసాని ముందు అడ్డంగా వంచి, గాలి వెనక్కి పోయాక నిటారుగా తలకిందులు చేసి వదలాలి. మొదటి చుక్కలో బుడగ ఉంటే పారెయ్యాలి. బుడగ చుక్క అంటే సగం చుక్క, మిశ్రమం ముద్దకట్టి పొడిపొడిగా వస్తుంది, అప్పుడు అసిస్టెంటు ఇంకో చుక్క వేస్తాడు, అంతటితో ట్రయల్ చెడింది. ద్రావకాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చిక్కబడి చుక్క సైజు మారిపోతుంది. పొడి రెండు భాగాలు: మొదటి భాగం పది సెకన్లు, రెండోది కలిపి పదిహేను. స్టీలు స్పాచులా వద్దు, గాజుపొడి దాన్ని గీకి సిమెంటు నల్లబడుతుంది, ప్లాస్టిక్‌ది వాడండి. మెరుపు ఉండగానే పంటిలో పెట్టాలి. మెరుపు పోయిందంటే పంటిని పట్టుకునే ఆమ్లం అప్పటికే పొడితో కలిసిపోయింది, వేలితో ఎంత నొక్కినా అతుక్కోదు. అలాంటి మిశ్రమం పారేసి, ఎన్ని పారేశారో గ్రూపువారీగా రాయండి. ఒక రకం ఎక్కువ పారేస్తున్నారంటే అదీ ఫలితమే.

గోపాలపూర్_ఉప్పుగాలి
కుండ సంగతి బాగుంది. ఒప్పుకుంటున్నా.

సిరొంచ_గోదారి
నేను చెప్పింది గూడ చల్లబెట్టమనే గద. ఐస్‌కి బదులు కుండ, అంతే.

కోరాపుట్_నల్లపళ్లు
ఈ సిమెంటు కష్టాలన్నీ ఎందుకండీ? ఎస్‌డీఎఫ్ (సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ ద్రావణం) రాసేస్తే పోలా? 38 శాతం ద్రావణంలో ఫ్లోరైడు 44,800 పీపీఎం. దూదితో ఆరబెట్టి, ఒక నిమిషం రాసి, ఆర్నెల్లకోసారి మళ్లీ రాస్తే పిప్పి చాలావరకు ఆగిపోతుంది. చుక్కతో నాలుగైదు పళ్లు అవుతాయి.

రాయగడ_క్యాంపు
పిప్పి ఆగినచోట నల్లగా మారుతుంది, అది చెప్పలేదు. ముందుపళ్లయితే తల్లులు వెంటనే అడుగుతారు. సమ్మతి పత్రంలో నల్లబడ్డ పంటి ఫొటో పెట్టాలి, మాటలు చాలవు. పెదవులకి వేజిలిన్ రాయకపోతే చర్మం కూడా మచ్చపడుతుంది, వారం పది రోజులుంటుంది. బడి మొత్తం నల్లమూతులతో ఇళ్లకి వెళ్తే మీ ఫాలో అప్ అక్కడితో సరి.

లెక్కల_పంతులు
ఎస్‌డీఎఫ్ చేరిస్తే అది మూడో గ్రూపు, నా 70 మంది లెక్క చెల్లదు. పైగా నల్లమచ్చ చూస్తేనే ఏ గ్రూపో పరీక్షించేవాళ్లకి తెలిసిపోతుంది, బ్లైండింగ్ పోయినట్టే. రెండు జీఐసీల ట్రయల్‌కి ఆ ఇబ్బంది లేదు, రంగు ఒకటే. ఎవరికి ఏదో ముందే నిర్ణయించి, నంబరు వేసిన, వెలుతురుకి పట్టినా లోపల కనపడని కవర్లలో పెట్టండి. పిల్లాడు కూర్చుని, పిప్పి తవ్వి శుభ్రం చేశాకే కవరు విప్పాలి. ముందే విప్పితే చెయ్యి ఇష్టమైన సిమెంటు వైపు మొగ్గుతుంది.

కోరాపుట్_నల్లపళ్లు
ఇక్కడ పిల్లలకి పంటినొప్పి తగ్గించాలా, మీ కవర్లు నింపాలా?

లెక్కల_పంతులు
నొప్పి తగ్గించడానికి ట్రయల్ అక్కర్లేదు, క్యాంపు పెట్టుకోండి. ట్రయల్ అన్నాక కవరు ఉండాల్సిందే.

బరంపురం_అంగిలి
పిల్లల పళ్లు సరే, అదే ఊళ్లలో పెద్దవాళ్ల నోళ్లు చూసే సర్వేలు చేసేవాళ్లకి ఒక మాట. «చుట్ట తాగుతారా» అని ఒక్క గడి పెడితే చాలదు. ఇచ్ఛాపురం నుంచి గంజాం తీరం దాకా ఆడవాళ్లలో అడ్డపొగ (చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టి తాగడం) ఉంది. నిప్పు లోపలికి ఉందా బయటికి ఉందా, రోజుకి ఎన్ని చుట్టలు, నిద్రలోనూ నోట్లో ఉంచుకుంటారా అని వేరువేరుగా అడగాలి. వేడి అంగిలికి తగులుతుంది, మార్పులన్నీ అక్కడే, బుగ్గల్లో వెతికితే దొరకవు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లు చూసిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. అయినా ఈనాటికీ ఫారాల్లో ఆ గడి కనపడదు. దాంతోపాటు గుడాఖు (పళ్లకి రుద్దుకునే పొగాకు ముద్ద) కూడా అడగండి, పళ్లపొడి అనుకుని పొగాకు లెక్కలో చెప్పరు.

అహేరి_ఖర్రా
మా దిక్కు ఖర్రా. వక్క, పొగాకు, సున్నం రబ్బరు మీద రుద్ది పొట్లం కడతరు. మహారాష్ట్రల 2012ల గుట్కా ఆపిన్రు గానీ వక్క యాడికీ పోలే. బుగ్గ లోపల తెల్లగ తోలు లెక్క గట్టిపడి నోరు తెరుచుకోదు. అసొంటి నోట్ల వెనక దవడపన్ను నింపుడు ఎట్ల? మందులు పోల్చే ట్రయల్‌ల నోరు ఎంత తెరుచుకుందో కొలిచేది ఎట్లనో ఎవరన్న చెప్పండి, ఒక్కొక్కరు ఒక్కో అంకె రాస్తున్నరు.

పర్లాకిమిడి_పళ్లు
చర్చ ఎక్కడికో పోయింది! ఎథిక్స్ ముందా, సీటీఆర్‌ఐ ముందా అన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు. ఎనిమిదేళ్లవాడి మొదటి పాలదవడ పన్ను రెండేళ్లలో ఊడిపోతే అది ఫెయిలా?

లెక్కల_పంతులు
ఎథిక్స్ అనుమతి ముందు, తర్వాత సీటీఆర్‌ఐ, ఆ తర్వాతే మొదటి పిల్లాడు. 2018 ఏప్రిల్ 1 నుంచి చేర్చుకోవడం మొదలయ్యాక రిజిస్టర్ చెయ్యరు. మీ కమిటీ ఆరోగ్య పరిశోధన శాఖ దగ్గర నమోదైందో లేదో 2019 రూల్స్ ప్రకారం చూసుకోండి, లేకపోతే ఆ అనుమతి చెల్లదు. సహజంగా ఊడిన పన్ను ఫెయిల్ కాదు. ఊడేదాకా ఫిల్లింగ్ బాగుందని లెక్క, ఆ తేదీ దగ్గర సెన్సార్ చెయ్యాలి, అంటే అక్కడిదాకానే లెక్కలోకి తీసుకోవాలి. నొప్పికి పీకించినది మాత్రం ఫెయిల్. వేరే ఊళ్లో పీకించుకుని «ఊడిపోయింది» అంటారు, పక్కపన్ను వయసుతో పోల్చి అడగండి. ఫిల్లింగ్ అంచు తేడాకి కంటిచూపు వద్దు, సీపీఐ ప్రోబ్ (చిగుళ్లు పరీక్షించే సన్నటి కడ్డీ) చివరి గుండు 0.5 మిల్లీమీటర్లు, అది దిగితే ఒక కోడు, దిగకపోతే ఇంకో కోడు.

బరంపురం_అంగిలి
అహేరి తమ్ముడూ, వెర్నియర్‌తో పై కోరపళ్ల మధ్య కాదు, పై ముందుపంటి అంచు నుంచి కింది ముందుపంటి అంచుకి. ఏ పన్నో నంబరు ఫారంలో రాసి, ప్రతిసారీ అదే పన్ను. మూడుసార్లు తెరిపించి సగటు తీసుకోండి, మొదటిసారి భయానికి తక్కువ తెరుస్తారు. ముందుపన్ను ఊడినవాళ్లని మొదట్లోనే చేర్చుకోవద్దు. కొలిచే మనిషి ఒక్కరే అయితే మరీ మంచిది, ఇద్దరైతే ఇరవై మందిని ఇద్దరూ కొలిచి తేడా చూసుకున్నాకే మొదలుపెట్టండి. వెనక దవడపన్నుకి పొడుగు పిడి పరికరాలు దూరవు, పిల్లల సైజు అద్దం, చిన్న తల ఎక్స్‌కవేటర్ (పిప్పి తవ్వే చేతి పరికరం) తీసుకెళ్లండి.